లెక్క చూడకముందే నింద

సఫర్ నెల తొలివారంలో బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించుకున్నాను. ఇంటికి వచ్చి, కళ్లద్దాలు పెట్టుకొని ఒక్కొక్క వరుసా చూస్తుండగా నేనెన్నడూ వినని కంపెనీ పేరు కనిపించింది. దాని ఎదుట 299 రూపాయలు. అంతకుముందు నెలలోనూ అదే పేరు, అదే మొత్తం. వెనక్కు లెక్కించగా ఐదుసార్లు, వెరసి 1,495 రూపాయలు. మా ఇంట అది దాదాపు నెల పాల ఖర్చు.

నా డెబిట్ కార్డు వివరాలు తెలిసిన బయటివాడు ఒక్కడే. ఫోన్ రీచార్జి చేయడం నాకు చేతకాక, మదర్సాలో చదివే ఒక విద్యార్థి చేత చేయించుకునేవాడిని. మరునాడు తరగతిలో, తోటి పిల్లలందరూ వింటుండగానే, “నా కార్డుతో ఏమైనా కొన్నావా?” అని అడిగాను. “లేదు హజ్రత్” అని ఆ పిల్లవాడు తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడాన్నే నేను నేరాంగీకారంగా భావించాను.

ఆ సాయంత్రం భోజనాల వేళ నా చిన్న కుమార్తె ఆ పేరు విని ఉలిక్కిపడింది. “అబ్బాజాన్, రంజాన్‌లో పాప కోసం బొమ్మలు గీసే యాప్ పెట్టాం కదా! ఏడు రోజులు ఉచితం అన్నారు. ఓటీపీ మీరే చదివి చెప్పారు.” పాప అంటే నా మనవరాలు. యాప్ పేరు వేరు, డబ్బు తీసుకునే కంపెనీ పేరు వేరు. ఆ యాప్‌ను మా వాళ్లు నాలుగో రోజునే ఫోన్ నుండి తొలగించారు. అంతటితో ఒప్పందం కూడా రద్దయిందని అనుకున్నారు. యాప్‌ను తొలగించినంత మాత్రాన చందా ఆగదు. దానిని ప్రత్యేకంగా రద్దు చేయాలి.

రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఇటువంటి నెలవారీ కోతకు మొదట ఒకసారి ఓటీపీతో మన అనుమతి తీసుకుంటారు. ఆపై సాధారణంగా 15,000 రూపాయల లోపు మొత్తాలకు మళ్లీ ఓటీపీ అడగరు. అయితే డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు సందేశం పంపాలి. నా ఫోన్ వెదికితే ఆ సందేశాలు ఐదూ ఉన్నాయి. ఆంగ్లంలో వచ్చాయని నేనే తెరిచి చూడలేదు.

కనుక తెలియని కోత కనిపిస్తే ముందుగా ఆ పేరునూ తేదీనీ ఇంటివారందరి ముందు చదవండి. ఫోన్‌లోని ప్లే స్టోర్‌లో చందాల జాబితా ఉంటుంది. అక్కడ చూసి రద్దు చేయండి. అక్కడ లేకపోతే ఆ కంపెనీ వెబ్‌సైటులోనో, మీ బ్యాంకు యాప్‌లోనో ఆటోపే అనుమతిని రద్దు చేయవచ్చు. ఉచితమని పిలిచి, రద్దు చేసే దారిని దాచిపెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో అక్రమ పద్ధతుల జాబితాలో చేర్చింది. అలా మోసపోయినవారు 1915కు ఫోన్ చేయవచ్చు.

ఇంట్లో ఎవరూ చేయలేదని తేలితే ఆలస్యం వద్దు. వెంటనే కార్డును బ్లాక్ చేయించి, బ్యాంకులో ఫిర్యాదు ఇచ్చి, దాని నంబరు వ్రాసుకోండి. 2017 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా జరిగిన మోసాన్ని బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాలలో తెలియజేస్తే ఆ నష్టభారం మనపై పడదు. సైబర్ మోసాలకు 1930 ఉంది. 30 రోజులలో బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. బ్యాంకు ఫోన్ నంబరును మాత్రం ఇంటర్నెట్‌లో వెదకకండి. అక్కడ మోసగాళ్ల నంబర్లు కూడా ఉంటాయి. కార్డు వెనుక ముద్రించినదే వాడండి.

ఒక మిత్రుడు నాకు సలహా ఇచ్చాడు: “మాకేమీ తెలియదని బ్యాంకులో వ్రాసివ్వండి, డబ్బు తిరిగి వస్తుంది.” ఓటీపీ చెప్పింది నేనే. తెలియదని ఎలా వ్రాయగలను? చందా రద్దు చేసి, వాడని నెలల డబ్బు ఇవ్వగలరా అని ఆ కంపెనీకి ఉన్నదున్నట్లు వ్రాశాను. చివరి నెల 299 రూపాయలు తిరిగి ఇచ్చారు. మిగిలినది నా అజాగ్రత్తకు మూల్యం.

కానీ దానికంటే పెద్ద బాకీ ఒకటి మిగిలింది. అనుమానాలకు దూరంగా ఉండమని బోధించే సూరా హుజురాత్‌ను ఏటేటా పిల్లలకు చెప్పే నేనే, లెక్క పూర్తిగా చూడకముందే ఒక పేద పిల్లవానిపై నింద మోపాను. ఒంటరిగా పిలిచి క్షమాపణ అడగడం నాకు సులువే. అయితే అవమానం అందరి ముందు జరిగింది. కనుక అదే తరగతిలో, అదే పిల్లల ఎదుట నిలబడి, “తప్పు నాది, నన్ను మన్నించు” అన్నాను. అతడు ఈసారి కూడా తల దించుకున్నాడు. ఆ బిడ్డ స్వభావమే అంతని అప్పుడు గ్రహించాను.

దివ్యఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు అప్పుల లెక్కను వ్రాసి ఉంచుకోమనేదే. ఇప్పుడు మా వంటింటి క్యాలెండరుపై ఏ చందా ఏ తేదీన ముగుస్తుందో నా కుమార్తె వ్రాస్తోంది. మీరు కూడా ఈ నెల పాస్‌బుక్ తీసి ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. తెలియని పేరు కనిపిస్తే, ఎవరినైనా అనుమానించే ముందు మీ ఫోన్ సందేశాలు చూసుకోండి.