గంట మోగిన తరువాతి గోధుమలు

ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరి ఆడుకొనే పేకాటల్లో మార్కెట్టు బేరాలనే వస్తువుగా తీసుకొన్న ‘పిట్’ అనే ఆటను అమెరికాలోని సేలం పట్టణానికి చెందిన పార్కర్ బ్రదర్స్ సంస్థ 1904లో విడుదల చేసింది. నూరేళ్ళు దాటి ఇన్నేళ్ళయినా అది ఇంకా అమ్ముడుపోతూనే ఉంది. అంతకు ముందటి ఏడాది కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకాలో గావిట్ సంస్థ రైలు కంపెనీల పేర్లు అచ్చువేసిన ముక్కలతో ‘స్టాక్ ఎక్స్ఛేంజ్’ అనే ఆటను తెచ్చినప్పటికీ, జనం నోళ్ళలో నిలిచింది మాత్రం ధాన్యం పేర్లున్న పిట్టే. రాజూ రాణీ ఉన్న పేకను జూదంగా ఎంచి గడప దాటనివ్వని మతనిష్ఠ గల కుటుంబాలు ఆ రోజుల్లో అమెరికాలో చాలా ఉండేవి కనుక, గోధుమలూ ఓట్సూ ఉన్న పేక వారికి అభ్యంతరకరంగా తోచకపోయి ఉండవచ్చు. ధాన్యపు మార్కెట్టులో నడిచే జూదం ముందు పేకముక్కల జూదం ఏపాటిదన్నది వేరే ప్రశ్న.

పిట్ అంటే గొయ్యి. 1848లో ఏర్పడిన షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే ధాన్య విపణిలో, ఎనిమిది మూలలతో, మెట్లు మెట్లుగా లోపలికి దిగే వేదికను వర్తకులు ఆ పేరుతో పిలిచేవారు. అక్కడ చేతులు మారేది ధాన్యపు బస్తాలు కావు. ఫలానా నెలలో ఫలానా ధరకు ఇంత సరుకు అప్పగిస్తామనే ఒప్పందాలు, అంటే ఫ్యూచర్స్. మెట్ల మీద నిలబడిన వర్తకుడు అరచేతిని తనవైపు తిప్పితే కొంటున్నట్టు, ఎదుటివారివైపు తిప్పితే అమ్ముతున్నట్టు. ఆ సైగలకు తోడు గొంతు చించుకొని అరవడం. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని గుట్టుగా సాగే మన పశువుల సంతల బేరానికి ఇది పూర్తిగా ఎదురు పద్ధతి.

ఆట నియమాలు పది నిమిషాల్లో పట్టుబడతాయి. తొలినాటి పేకలో గోధుమ, బార్లీ, మొక్కజొన్న, రై, ఓట్స్, ఎండుగడ్డి, అవిసె అనే ఏడు సరుకులు, ఒక్కొక్కదానికి తొమ్మిదేసి ముక్కలు ఉండగా, ఎంతమంది ఆడితే అన్ని సరుకులనే కలిపి పంచుతారు. ఒకే సరుకు ముక్కలు తొమ్మిదీ చేజిక్కించుకొన్నవారు గంట కొట్టి గెలుస్తారు. గోధుమకు 100 పాయింట్లు, అవిసెకు 40, మిగిలినవి ఆ మధ్యలో. వంతులు లేవు. ఒకే రకం ముక్కలు ఒకటి నుంచి నాలుగు వరకు బోర్లించి పట్టుకొని, సరుకు పేరు చెప్పకుండా ‘రెండు, రెండు, రెండు!’ అని అందరూ ఒకేసారి కేకలు వేస్తుండగా, బల్లకు అవతలినుంచి ఎవరో రెండు ముక్కలు చాచి ఇవి లాక్కుపోతారు. తిప్పి చూసుకొంటే, కాసేపటి క్రితం తాము వదిలించుకొన్న ఎండుగడ్డే మళ్ళీ చేతికి వచ్చి ఉంటుంది.

వీటికి తోడు ఆబోతు (బుల్), ఎలుగుబంటి (బేర్) అనే రెండు ప్రత్యేకమైన ముక్కలున్నాయి. ధర పెరుగుతుందని నమ్మి కొనేవారిని, అంటే తేజీవాళ్ళను, మార్కెట్టు భాషలో బుల్ అనీ, పడుతుందని అమ్మేవారిని, అంటే మందీవాళ్ళను, బేర్ అనీ అంటారు. ఆటలో ఆబోతు రమ్మీలో జోకరులా తొమ్మిదో ముక్కకు బదులు పనికివస్తుంది. ఆట ముగిసేసరికి ఓడినవారి చేతిలో ఉంటే మాత్రం 20 పాయింట్లు పోతాయి. ఎలుగుబంటి ఎప్పుడూ నష్టమే. ఈ పక్షపాతం సమంజసం కాదు: ధర అకారణంగా ఉబ్బినప్పుడు దాన్ని నేలకు దించేది ఆ మందీవాళ్ళే.

అంతకన్నా పెద్ద లోటు, మార్కెట్టు పేరు పెట్టుకొన్న ఈ ఆటలో ధర అనేదే లేకపోవడం. ముక్కకు ముక్కే మారకం, కొరత పెరిగే కొద్దీ ఏదీ ప్రియం కాదు. మిగిలినదల్లా కార్నర్ చేయడం, అంటే మార్కెట్టులో ఉన్న సరుకంతా గుప్పిట్లోకి తెచ్చుకొని, అప్పగిస్తామని ముందే మాట ఇచ్చిన అమ్మకందార్లు తన దగ్గరే అడిగినంత ధరకు కొనక తప్పని స్థితి కల్పించడం. ఆట అక్కడితో ఆగిపోతుంది. అసలు కథ మొదలయ్యేది అక్కడే.

1897లో జోసెఫ్ లైటర్ అనే ముప్పై నిండని యువకుడు, షికాగోలో సంపన్నుడైన తండ్రి లీవై లైటర్ డబ్బు అండతో గోధుమ కొనుగోళ్ళు మొదలుపెట్టాడు. డిసెంబరులో అతడు సరుకు అప్పగించమని పట్టుబట్టగా, గడ్డకట్టిన సరస్సుల మీదుగా గోధుమ రాదని అతడు అనుకొంటుండగానే, ఎదుటి పక్షాన ఉన్న మాంసవ్యాపారి ఫిలిప్ ఆర్మర్ మంచు పగలగొట్టే పడవలను పంపి లక్షల బుషెళ్ళు తెప్పించి గిడ్డంగుల్లో పోశాడు. బుషెల్ అంటే గోధుమ లెక్కలో సుమారు 27 కిలోలు. లైటర్ అదీ కొన్నాడు. స్పెయిన్‌తో యుద్ధం కలిసివచ్చి 1898 మేలో బుషెల్ ధర డాలరూ 85 సెంట్లకు ఎగబాకింది. ఆటలోనయితే గంట కొట్టవలసిన ఘడియ అదే. అయితే ఆ ధరకు ఊరూరా గాదెల అడుగు ఊడ్చి మరీ గోధుమ షికాగో చేరింది, కొత్త పంట కోతకు వచ్చింది, అతని గోధుమ కొనే నాథుడు లేకపోయాడు. జూన్‌లో ధర కూలిపోయి, నష్టాన్ని తండ్రి ఆస్తులు కదిలించి తీర్చవలసి వచ్చింది. ఈ ఉదంతమే ఫ్రాంక్ నారిస్ ‘ది పిట్’ నవలకు ఆధారం. రచయిత మరణానంతరం, 1903లో, ఆట కన్నా ఒక్క ఏడాది ముందు అది అచ్చయింది.

బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో కేకల బేరం 1995లో కంప్యూటర్లకు చోటిచ్చింది. షికాగోలో ఫ్యూచర్స్ గోతులు చాలావరకు 2015లో మూతపడ్డాయి. లైటర్‌కు ఎదురైన చిక్కు ఆటలోకీ రావాలంటే, పిల్లలకు మార్కెట్టు నేర్పడానికి ఈ ఆట కొనే ఇళ్ళవారు ఒక నియమం చేర్చుకొంటే మేలు: ముక్కలు పంచకముందే ప్రతివారూ ఆటలో ఉన్న ఏదో ఒక సరుకు పేరు చీటీ మీద రాసి బోర్లించాలి, గంట మోగాక గెలిచిన సరుకు పేరు రాసినవారు మాత్రమే గెలిచినవారి దగ్గర ఒక్కో ముక్క కొనాలి, అమ్ముడుపోని ప్రతి ముక్కకూ పది పాయింట్లు గెలిచినవారి లెక్కలోంచి తీసివేయాలి. అప్పుడు చీటీలు విప్పేదాకా గంట కొట్టినవారు కూడా ఊపిరి బిగబట్టి కూర్చోవలసిందే.