వాల్వు జబ్బు

పోయిన నెల ఈ శీర్షికలో రక్తపోటు గురించి వ్రాస్తే, "ఎప్పుడూ రోగాల గోలేనా?" అని ఇద్దరు ముగ్గురు సభ్యులు నిష్ఠూరమాడారు. కనుక ఈసారి వాల్వుల గురించి వ్రాస్తున్నాము. గుండెలోవి కావు, పాత రేడియోల్లో ఎర్రగా వెలిగేవి. ఈ దేశంలో వాటిని ట్యూబులంటారు.

మా అక్కయ్యగారి అబ్బాయి ఇక్కడే అల్ఫారెట్టాలో హైస్కూలు చదువుతున్నాడు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారి రికార్డులు విని, తానూ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. వాడికెవరో ఒక పాత గిటార్ ఆంప్లిఫయరు ఇచ్చారు. ఉగాది కార్యక్రమం ఇక మూడు వారాలుందనగా దానికి జబ్బు చేసింది. శబ్దం సన్నగిల్లింది, గమకం ముద్దముద్దగా వినిపిస్తోంది, మధ్యమధ్య పేలాలు వేగినట్టు చిటపటలు. కొత్తది కొనిపెడతామన్నాము మేము. ఆ మాట విని మా నాన్నగారు సోఫాలోంచి లేచారు.

నాన్నగారు తెనాలిలో ముప్పై ఏళ్ళు రేడియో రిపేరు కొట్టు నడిపారు. ఆ కొట్టు మీదే మేము డాక్టరీ చదివాము. ఆయన ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది. పగలంతా మేము ఆసుపత్రిలో, ఆయన కిటికీ దగ్గర. కారు లేనిదే గడప దాటలేని ఊరని సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

వెనక చెక్క విప్పించి ఆయన మొదట చూసింది గాజు లోపలి వెండి మచ్చ. లోపల మిగిలిపోయిన గాలిని పీల్చేయటానికి వేసే పూత అది. తెల్లబడితే గాలి చొరబడిందన్నమాట, ఆ వాల్వు ఇక పనికిరాదు. మావాటికి మచ్చ బాగానే ఉంది. అయితే వాల్వు చచ్చిపోకుండానే ముసలిదవుతుంది. కాథోడు మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడుల పూత ఉంటుంది. వేడెక్కినప్పుడు ఎలక్ట్రానులను విడిచేది అదే. వాడేకొద్దీ ఆ పూత క్షీణిస్తుంది. స్పీకరును నడిపే పెద్ద వాల్వులు ముందు అరుగుతాయి, ముందువరుస చిన్నవి చాలాకాలం వస్తాయి. అందుచేత అన్నీ ఒకేసారి మార్చటం డబ్బు దండగ అన్నారు నాన్నగారు. ఆంప్లిఫయరు వేసి, చిన్న వాల్వులను ఒక్కొక్కటే పెన్సిలుతో మెల్లగా తట్టమన్నారు. ఒకటి స్పీకరులో గంటలా మోగింది.

"అదిరా నీ రోగి!" అన్నారు.

12ఏఎక్స్7 ఒకటి, 6వీ6 జత ఒకటి తెప్పించాము. జత అంటే కాడికి కట్టే ఎద్దుల వంటివి. రెండూ సమానంగా కరెంటు లాగాలి. తన రోజుల్లో బెంగుళూరులో బెల్ వారు చేసిన వాల్వులు వాడేవారట నాన్నగారు. ఇప్పుడు గిటార్ వాల్వులు చాలావరకు స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి. 2022లో రష్యా సరుకు ఆగిపోతుందన్న వార్తకే ఇక్కడి వాద్యగాళ్ళు హడలిపోయారు. మన జార్జియాలో రాస్‌విల్‌లో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వారు 300బీ వాల్వు చేస్తున్నారు గాని, అది ఇంట్లో పాటలు వినే ఖరీదైన ఆంప్లిఫయర్లకు.

కొత్తవి పెట్టేముందు సప్లయి సరిగా ఉందో లేదో చూడాలన్నారు. పెద్ద వాల్వులు తీసి, ఒకసారి స్విచ్చి వేసి మీటరు చూసి, ప్లగ్గు పీకేశాము. పదినిమిషాలు పోయాక, వదులైన సాకెట్టు రేకులు బిగించబోయి రెండు చేతులూ లోపల పెట్టబోయాము.

"ఆగరా!"

అంత గట్టి గొంతు మేము చిన్నప్పుడు విన్నదే. మళ్ళీ మీటరు పెట్టి చూడమన్నారు. మూడువందల వోల్టులు పైగా ఉంది. వాల్వులు తీసేశాక కండెన్సరులోని కరెంటు పోయే దారి లేక అలాగే నిలిచి ఉంది. గుండె ఆగిపోతే ఏంచేయాలో ఎరిగిన మాకు, ఆపే వస్తువు చేతి కిందే ఉందని తెలియలేదు. రెసిస్టరు ద్వారా దాన్ని మెల్లగా ఖాళీ చేయించి, మీటరు సున్నా చూపాకే ముట్టుకోనిచ్చారు. అప్పుడు కూడా ఎడమచెయ్యి జేబులోనే ఉండాలన్నారు. షాకు కొట్టినా గుండె మీదుగా పోకుండా.

"మీరే చేయవచ్చుగా, నాన్నా?" అన్నాము.

ఆయన కుడిచెయ్యి చాపి చూపించారు. వేళ్ళు వణుకుతున్నాయి. "ఇందుకేరా కొట్టు మూసింది. టంకం పెట్టబోతే పక్క తీగ మీద పడేది. బేరాల్లేక మూశానని మీతో అన్నాను."

రెండు నెలలుగా ఆయన కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవటం రోజూ చూస్తున్నాము. పరాయివాళ్ళ చేతులు చూసి జీతం తీసుకునే మేము ఒక్కనాడూ అడగలేదు. ఆ వారమే వేరే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాము. పార్కిన్సన్ జబ్బు కాదు. చేతితో పనిచేసేటప్పుడు ఎక్కువయ్యే మరో రకం వణుకు. తగ్గించే మాత్రలున్నాయి. మీ ఇంటికి వచ్చిన పెద్దవారు గ్లాసు ఎలా పట్టుకుంటున్నారో ఈ పూటే ఒకసారి చూడండి. వారంతట వారు చెప్పరు.

కొత్త వాల్వులు పెట్టి బయాసు సరిచేశాము. అది చేయకపోతే కొన్ని ఆంప్లిఫయర్లలో కొత్త వాల్వు మితిమీరి కరెంటు లాగి, ప్లేటు ఎర్రగా కాలి పాడవుతుంది. మూత తీసి, కరెంటు ఉండగా చేయవలసిన పని కనుక తెలియనివారు మెకానిక్కుకే ఇవ్వండి. స్పీకరు తీగ ఊడదీసి మాత్రం ఎన్నడూ స్విచ్చి వేయకండి, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది.

అబ్బాయి మాండలిన్ తగిలించి మోహనం ఎత్తుకున్నాడు. నాన్నగారు కళ్ళు మూసుకుని విని, "బయాసు ఇంకొంచెం తగ్గించు" అన్నారు. మీటరు చూస్తే నిజమే.

ఉగాదినాడు మీరే వింటారు. అటకల మీద పాత రేడియోలున్న సభ్యులు శనివారం సాయంత్రాలు మా ఇంటికి తీసుకురావచ్చు. నాన్నగారు చెబుతారు, మేము చేస్తాము.