ఇన్‌స్టాల్ కాలేదంటే మీ బిడ్డకు రాదని కాదు



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి నా టేబుల్ దగ్గరకు వచ్చి మెల్లగా అడిగారు. “ఏటి సార్, మావాడికి కంప్యూటర్ బుర్రకెక్కట్లేదా? మూడు రోజులుగా ఏదో ఎక్కించాలని చూస్తన్నాడు, అవ్వట్లేదు. నిన్న కోపంతో మూసేసి ఇంక నాకొద్దు అనేశాడు.”

ఆ అబ్బాయి తొమ్మిదో తరగతి. ల్యాబ్‌లో ప్రోగ్రాములు చక్కగా రాస్తాడు. ఇంట్లో వాడు ఆగిపోయింది ప్రోగ్రామింగ్ దగ్గర కాదు, పైథాన్ ఇన్‌స్టాల్ చేసుకోవడం దగ్గర. ఈ రెండూ వేర్వేరు విషయాలని వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ తప్పులో మా ఉపాధ్యాయుల వాటా కూడా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

పైథాన్ ఉచితం. ఎవరైనా దించుకోవచ్చు. సీబీఎస్ఈ పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో నేర్పేది కూడా ఇదే. కానీ ఉచితంగా దొరికినంత మాత్రాన సులభంగా దొరికినట్టు కాదు. పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో చూడండి.

విండోస్‌లో చాలాకాలంగా వాడుతున్న ఇన్‌స్టాలర్ మొదటి తెరలో, కింద ‘పాత్’ అనే మాటతో ఒక చిన్న గడి ఉంటుంది. దానికి టిక్ ఉండదు, మనమే పెట్టాలి. పెట్టకపోతే పైథాన్ ఎక్కుతుంది కానీ, అది ఎక్కడుందో కమాండ్ విండోకు తెలియదు. కొత్త ఇంట్లో దిగి పోస్ట్‌మ్యాన్‌కు అడ్రసు చెప్పనట్టే. అప్పుడు పిల్లవాడు ‘పైథాన్’ అని టైప్ చేస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవచ్చు. వాడేమో తనే ఏదో పాడుచేశాననుకుంటాడు.

ఇంట్లో పాత విండోస్ 7 కంప్యూటర్ ఉంటే ఇంకో చిక్కు. పైథాన్ 3.9 నుంచి వచ్చిన వెర్షన్లు దానిలో పనిచేయవు, 3.8 వెతుక్కోవాలి. అన్నయ్యల దగ్గర నుంచి వచ్చిన పాత పుస్తకంలో పైథాన్ 2 ఉంటే మరో తంటా. 2020 జనవరి 1తో దానికి మద్దతు ఆగిపోయింది. అందులో ప్రింట్ పక్కన బ్రాకెట్లు అక్కర్లేదు, ఇప్పుడు తప్పనిసరి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసినా ఎర్రర్ వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా ఏడిపించేది ‘పిప్ ఇన్‌స్టాల్’ అనే వరుస. సూచనల్లో ఆ ఒక్క వరుసే ఉంటుంది. దాన్ని కమాండ్ విండోలో టైప్ చేయాలా, పైథాన్ లోపల టైప్ చేయాలా అన్నది చాలాచోట్ల చెప్పరు. లోపల టైప్ చేస్తే సింటాక్స్ ఎర్రర్. రాసినవారికి అది చెప్పనక్కర్లేని విషయం. మొదటిసారి చదివే పిల్లకు అదే అసలు విషయం.

ఈ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారిలో చాలామంది స్వచ్ఛందంగా పనిచేసేవారే, వారిని తిట్టడం న్యాయం కాదు. అయితే పని బాగా తెలిసినవారు తెలియని రోజులను మరిచిపోతారు. పైథాన్ అధికారిక సూచనలు ఫ్రెంచి, జపనీస్, కొరియన్ భాషల్లోకి వెళ్లాయి. ఆ వరుసలో తెలుగు ఇంకా చేరలేదు.

ఇక్కడ మన ప్రాంతపు పెద్దాయన ఒకరు గుర్తొస్తారు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. పుస్తకాల భాష వేరు, జనం మాట్లాడే భాష వేరు అయితే చదువు ఎక్కదని పోరాడారు. సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, అందులో పుస్తకాలు తయారుచేశారు. అర్థం కాకపోవడం పిల్లల లోపం అని ఆయన అనుకోలేదు. మన పిల్లల ముందున్న కంప్యూటర్ సూచనల విషయంలోనూ నా వాదన అదే.

‘ఇదంతా ఎందుకు, బ్రౌజర్‌లోనే రాసుకోవచ్చు కదా’ అని కొందరు తండ్రులు అడిగారు. మొదలుపెట్టడానికి మంచి దారే. కానీ నెట్ ఆగితే పాఠం ఆగుతుంది. పైగా ఫైల్ ఎక్కడుంది, ఫోల్డర్ అంటే ఏమిటి అన్నది ఎప్పటికైనా నేర్చుకోవలసిందే. ఇంట్లో మొదలుపెట్టే పిల్లలకు నేను థానీ చెబుతున్నాను. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో కొత్తవారి కోసమే పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. పైథాన్ దానితోపాటే వస్తుంది కాబట్టి సగం తలనొప్పి తగ్గుతుంది.

మీకు కోడింగ్ రానక్కర్లేదు. మూడు పనులు చేయండి చాలు. ఎర్రర్ వస్తే మీ బిడ్డ పక్కన కూర్చుని చివరి వరుసను పైకి చదివించండి, అసలు కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది. చేసిన ప్రతి అడుగూ, వచ్చిన ప్రతి ఎర్రరూ ఒక నోట్‌బుక్‌లో రాయించండి. ఇన్‌స్టాల్ కాలేదన్న ఒక్క కారణంతో వేలు పోసి కోడింగ్ కోర్సులో చేర్చకండి. ముందు ఆ నోట్‌బుక్ మా దగ్గరకు పంపండి.

మా వంతుగా రెండు ప్రతిపాదనలు పెట్టాను. ఏడాది మొదట్లో మార్కులు లేని ఒక ల్యాబ్ పీరియడ్ ఇన్‌స్టాల్ చేయడానికే కేటాయించాలి. మన మాటల్లో ఒక పేజీ సూచనల కాగితం ప్రతి ఇంటికీ వెళ్లాలి. ఆ కాగితం నేను రాయను, పిల్లల చేతే రాయిస్తాను. నిన్న తడబడినవారికే ఎక్కడ జారుతామో బాగా తెలుసు.

ఆ తల్లి కొడుకు మరుసటి రోజు ల్యాప్‌టాప్ తెచ్చాడు. ఆ చిన్న గడి చూపించాను. పది నిమిషాల పని. “ఇంతేనా సార్?” అన్నాడు. ఇంతే. కానీ ఈ ‘ఇంతే’ చెప్పేవారు లేక ఎంతమంది పిల్లలు తమకు రాదని తేల్చేసుకున్నారో! మీ ఇంట్లో అలా జరగనివ్వకండి.

— కంప్యూటర్ సైన్స్ ఉపాధ్యాయుడు, విజయనగరం బ్రాంచ్