గేటు దగ్గర ఆగిపోతున్న చట్టం

హైదరాబాద్ కోకాపేట నియోపోలిస్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. అలాంటి నేల మీద లేచిన టవర్లలో ఫ్లాటు కొంటే, చాలా ఇళ్లలో ఇద్దరి జీతాలూ కలిస్తే తప్ప ఈఎంఐ గట్టెక్కదు. అయినా కాపురంలో గొడవ స్టేషన్ దాకా వచ్చిందంటే మొదట వినపడే ప్రశ్న, ‘ఫ్లాటు ఎవరి పేరు మీద ఉంది?’ అని. 2005 నాటి గృహ హింస చట్టానికి ఆ ప్రశ్నతో పని లేదు. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉన్నా, కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు మహిళకుందని 17వ సెక్షన్ చెబుతుంది. ఆమెను వెళ్లగొట్టవద్దని, అవసరమైతే కొట్టిన మగవాడినే ఇల్లు ఖాళీ చేయమని 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. దెబ్బలు తిన్న మనిషి బిడ్డను చంకనేసుకుని పుట్టింటి దారి పట్టాలి, కొట్టినవాడు మాత్రం అదే మంచం మీద పడుకోవాలి అనే తరతరాల ఏర్పాటును తలకిందులు చేసిన సెక్షన్ ఇది. నా దృష్టిలో ఆ చట్టానికి ప్రాణం ఇక్కడే ఉంది.

కానీ ఆ ఆదేశం ఇంట్లోకి చేరాలి కదా. ఈ టవర్లలో ఇంటి తలుపు కంటే ముందు గేటు, లాబీ, కార్డు తాకిస్తేనే కదిలే లిఫ్టు ఉంటాయి. ఫ్లాటు కింద ఎవరి ఫోన్ నంబర్లు నమోదై ఉండాలో చాలాచోట్ల యజమానిగా రాయించుకున్న వ్యక్తే నిర్ణయిస్తాడు. ఆమె నంబరు తీసేస్తే, గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ‘లోపలికి పంపమంటారా’ అని అడిగేది ఆయననే. మెడపట్టి గెంటక్కర్లేదు, పక్కింటివాళ్లు చూసేదీ ఉండదు. స్కూలు బస్సు దిగిన పిల్లలు లోపల, తల్లి రోడ్డు మీద. కోర్టు ఆదేశం నకళ్లు ఇరుపక్షాలకూ, స్టేషన్ అధికారికీ ఉచితంగా ఇవ్వాలని 24వ సెక్షన్ అంటుంది. అపార్ట్‌మెంటు అసోసియేషన్ ప్రస్తావన అందులో లేదు. ఈ లోటు తీర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆదేశం అమలుకు సాయపడమని స్టేషన్ అధికారికి చెప్పే అధికారం 19వ సెక్షన్‌లోనే మేజిస్ట్రేట్‌కు ఉంది. ఆమె నంబరు, లిఫ్టు కార్డు పనిచేసేలా చూడాలన్న వాక్యం ఆ ఆదేశంలోనే రాస్తే సరిపోతుంది.

ఇలాంటి చట్టాలు దుర్వినియోగం కావడం లేదా అంటారు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. భార్యను వేధించారంటూ పెట్టగా తెలంగాణ నుంచి వెళ్లిన ఒక 498ఎ కేసును 2024 డిసెంబరులో కొట్టేస్తూ, నిర్దిష్ట ఆరోపణలు లేకుండా భర్త బంధువులందరినీ ఇరికించే ధోరణిని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. అయితే అది నేర చట్టం. గృహ హింస చట్టం ముందుగా ఇచ్చేది ఇల్లు, ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ. జైలు మాట రక్షణ ఆదేశాన్ని మీరినప్పుడే వస్తుంది. ఇవి చట్టం పెట్టుకున్న 60 రోజుల గడువులో దొరికితే, అత్తింటివాళ్లందరి మీదా కేసు పెట్టి బేరానికి కూర్చోవాల్సిన అవసరమే తగ్గుతుంది. మరి ఇల్లు అత్తమామలదైతే? అప్పుడూ ఆమెకు రక్షణ ఉందని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది, 2006 నాటి తన తీర్పునే తోసిపుచ్చి. అలాగని ఆ ఇల్లు ఆమెకు రాసిచ్చినట్టు కాదు. వృద్ధుల అవసరాలూ తూచి చూడాలని అదే తీర్పు చెప్పింది. అత్తగారిని ఇల్లు వదిలి పొమ్మనే వీలు చట్టంలో అసలే లేదు.

చదువుకుని సంపాదించే ఆడవాళ్లకు ఈ గొడవేమిటి, బయటికొచ్చి బతకలేరా అనే మాట నాకు మరీ బాధ కలిగిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో పెళ్లయిన 18-49 ఏళ్ల మహిళల్లో 36.9 శాతం మంది భర్త చేతిలో హింసకు గురయ్యామన్నారు. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న మహిళలు ఇక్కడే 83.8 శాతం. ఈ నమ్మకం జీతంతో పోయేది కాదు. బయటికి రాగలిగినా, ఆమె కట్టిన వాయిదాలు, పిల్లల బడి వదులుకుని ఆమే ఎందుకు రావాలి?

ఈ చట్టం అమలును నడిపించాల్సింది, దాని కిందే నియమించే రక్షణ అధికారి. ఆ పోస్టులు లేనిచోట ఆరు వారాల్లో అధికారులను గుర్తించి నియమించాలని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది, చట్టం అమల్లోకి వచ్చి పద్దెనిమిదేళ్లు దాటాక! ఆమె నోరు విప్పేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. హింస జరుగుతోందని నమ్మిన ఎవరైనా రక్షణ అధికారికి చెప్పవచ్చని, సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసులు ఉండవని 4వ సెక్షన్ హామీ ఇస్తోంది. పై అంతస్తు కేకలు వినే పొరుగువారికీ, కమిలిన చేతిని చూసే పనిమనిషికీ, గేటు దగ్గరి సెక్యూరిటీకీ ఆ సంగతి తెలియాలి. నీళ్ల ట్యాంకర్ల నోటీసు అంటించే లిఫ్టులోనే దీన్నీ, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరునూ అంటించడానికి అసోసియేషన్లు ఏ జీవో కోసమూ ఎదురుచూడక్కర్లేదు.