ఏజెంటుకు కనిపించేది ఆ నాలుగు వాక్యాలే

"మంగళవారం మీటింగ్ తీసెయ్" అని క్యాలెండర్ చూసే ఏఐ ఏజెంటుకు చెప్పారనుకోండి. అది వారం వారం జరిగే మీటింగ్. తీసేయాల్సింది ఈ ఒక్క మంగళవారానిదా, ఇకముందు వచ్చేవన్నీనా, మొదటినుంచీ ఉన్న వరస మొత్తమా? మనిషైతే ఆగి అడుగుతాడు. ఏజెంటు అడుగుతుందా లేదా అన్నది చాలావరకు ఆ డిలీట్ టూల్‌కు ఎవరో రాసిపెట్టిన వివరణలోనే తేలిపోతుంది.

ఏజెంటును నడిపే ఏఐ మోడల్, సాఫ్ట్‌వేర్ లోపలి కోడంతా చదివి పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. మామూలుగా దాని ముందుకొచ్చేది టూల్ పేరు, అదేం చేస్తుందో చెప్పే కొన్ని వాక్యాలు, ఏయే వివరాలు నింపాలో చూపే పట్టిక. అంతే. 2023 జూన్‌లో మోడల్ టూల్స్‌ను పిలిచేందుకు ఓపెన్‌ఏఐ "ఫంక్షన్ కాలింగ్" తెచ్చినప్పుడూ, 2024 నవంబరులో మోడళ్లకు టూల్స్‌ను కలిపే "మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్"ను ఆంత్రోపిక్ విడుదల చేసినప్పుడూ ఈ అమరిక మారలేదు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ రాసే ఉద్యోగిని. ఈ మధ్య యూజర్ మాన్యువల్స్ కంటే టూల్ వివరణలే నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నాయి. వచ్చేది మాత్రం రిలీజ్‌కు ముందురోజు సాయంత్రం. "కాస్త గ్రామర్ చూసి ఇచ్చేయండి అక్కా" అంటారు మా టీములోని పిల్లలు. నా అభ్యంతరమంతా అక్కడే. ఇది గ్రామర్ చూసే పని కాదు. ఏజెంటు ఎలా నడుచుకోవాలో ఆ వాక్యాలే చెబుతున్నప్పుడు, కోడ్‌కు పెట్టినంత పరీక్ష వాటికీ పెట్టాలి.

నా ముందుకొచ్చిన ఒక వివరణ ఇది: "క్యాలెండర్ ఈవెంట్‌ను అప్‌డేట్ చేస్తుంది." ఇందులో అబద్ధం లేదు. టూల్ పేరులో లేని సంగతి కూడా ఒక్కటీ లేదు. గూగుల్ క్యాలెండర్ ఏపీఐలో ప్యాచ్ పద్ధతిలో (అంటే మార్చాల్సిన భాగం మాత్రమే పంపే పద్ధతిలో) అతిథుల జాబితా పంపితే, పాత జాబితా పోయి పంపినదే మిగులుతుంది. గూగుల్ తన డాక్యుమెంటేషన్‌లో ఈ మాట స్పష్టంగానే రాసింది. దానిమీద కట్టిన టూల్ వివరణలో ఆ ఒక్క వాక్యం జారిపోయిందంటే, "సుజాతను కూడా మీటింగులో చేర్చు" అన్నప్పుడు ఏజెంటు సుజాత పేరొక్కటే పంపుతుంది. మిగతా వాళ్లంతా మీటింగులోంచి పోతారు. ఏజెంటు మాత్రం పని పూర్తయిందనే చెబుతుంది.

దాన్ని నేను ఇలా తిరగరాశాను: "ఇప్పటికే ఉన్న మీటింగును మారుస్తుంది. అతిథుల జాబితా పంపితే పాతది పూర్తిగా పోతుంది. ఒకరిని చేర్చాలంటే ముందు మీటింగు వివరాలు తెప్పించుకుని, పాత పేర్లతో కలిపి పంపాలి. సమయం మారిస్తే అతిథులందరికీ మెయిల్ వెళ్తుంది. వారం వారం జరిగే మీటింగైతే మార్పు ఈ ఒక్కరోజుకా, వరసంతటికా అన్నది యూజర్ చెప్పకపోతే అడగాలి, ఊహించకూడదు."

తేదీలదీ ఇదే గొడవ. 2009 నాటి ఐక్యాలెండర్ ప్రమాణం ప్రకారం రోజంతా ఉండే ఈవెంట్‌లో ముగింపు తేదీ లెక్కలోకి రాదు. జనవరి 14 నుంచి 16 వరకు సంక్రాంతి సెలవు పెట్టమంటే ముగింపు 17 అని ఇవ్వాలి. 16 అని ఇస్తే ఆ రోజు మీరు ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఎవరో ఒకరు మీటింగ్ పెట్టేస్తారు. ఇక టైమ్ జోన్. ఐఎస్‌టీ అంటే ఇండియా సమయం కావచ్చు, ఇజ్రాయెల్‌ది కావచ్చు, ఐర్లండ్‌దీ కావచ్చు. అందుకే "ఏషియా/కోల్‌కతా", "అమెరికా/షికాగో" అని ప్రాంతం పేరే ఇవ్వాలని వివరణలో రాయాలి. డాలస్ వాళ్లతో వారం వారం ఒక కాల్ ఉందనుకోండి. చలికాలంలో మనకు రాత్రి 8 గంటలైతే అక్కడ ఉదయం 8:30. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. అప్పటినుంచి ఆ కాల్ మనకు 7 గంటలకు మారాలా, వాళ్లకు 9:30కి మారాలా? మీటింగ్ ఏ ఊరి గడియారానికి కట్టుబడి ఉందో ఏజెంటుకు తెలియాలి కదా. తెలియకపోతే ఎవరో ఒకరు ఖాళీ కాల్‌లో గంటసేపు ఎదురుచూడాలి.

వివరణ పెరిగితే టోకెన్లు (మోడల్ చదివే పదాల ముక్కలు) పెరుగుతాయని, ప్రతి అభ్యర్థనతోపాటు అదంతా మోయాలని మా ఇంజినీర్లు అంటారు. నిజమే. టూల్స్ పదుల్లో ఉంటే ఖర్చు కనిపిస్తుంది. అయితే కత్తిరించాల్సింది వేరే ఉంది. డేటాబేస్ టేబుల్ పేర్లు, ఏ వెర్షన్‌లో ఏం మారింది, లోపల ఏ సర్వర్‌ను పిలుస్తుంది, ఇవేవీ ఏజెంటుకు అక్కర్లేదు, తీసేయండి. ఎవరికి మెయిల్ వెళ్తుంది, ఎవరి పేరు పోతుంది అన్నవి ఉంచండి. వివరణ ఎంత బాగా రాసినా డిలీట్‌కు యూజర్ అనుమతి అడిగే ఏర్పాటు కోడ్‌లోనే ఉండాలన్నది వేరే సంగతి. దాన్ని వాక్యాల మీద వదిలేయడం నాకు అసలు ఇష్టం లేదు.

నేను పెట్టే పరీక్ష చిన్నది. ఆ ప్రొడక్ట్ తెలియని వాళ్లకు, మా హెచ్ఆర్‌లో అమ్మాయికో అకౌంట్స్‌లో అబ్బాయికో, వివరణ ఒక్కటే చూపించి "ఈ బటన్ నొక్కితే ఎవరికి ఏమవుతుంది?" అని అడుగుతాను. వాళ్లు చెప్పలేకపోతే వెనక్కి పంపుతాను. వాళ్లకు అర్థం కానిది మోడల్‌కు అర్థమవుతుందని అనుకోవడానికి నాకు ఆధారం కనిపించలేదు.

వివరణల గడువు కోడ్ గడువుకు వారం ముందే పెట్టాలని మా టీమును అడిగాను. డిలీట్, అప్‌డేట్ టూల్స్ వరకు ఒప్పుకున్నారు. మిగతా వాటి కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.