బాపు గీత, గోపులు ఋణం

బాపు గీత అచ్చ తెలుగు గీత అన్న మాట మనకు నమస్కారమంత అలవాటైపోయింది. నేనూ చాలాసార్లు అన్నవాణ్ణే. ఆ అచ్చ తెలుగు గీత ఒక తమిళ చిత్రకారుడికి ఋణపడి ఉన్నదని ఎవరైనా గుర్తు చేస్తే మాత్రం మనలో చాలామందికి ప్రాణం చివుక్కుమంటుంది. బాపుగారికి ఆ బెంగ లేదు. గోపులు తన గురువని ఆయన ఏ సంకోచమూ లేకుండా చెప్పుకున్నారు. దాచుకోవాలని చూస్తున్నది మనమే.

గోపులు అసలు పేరు గోపాలన్. 1924లో తంజావూరులో పుట్టి, కుంభకోణంలో చిత్రలేఖనం నేర్చి, మద్రాసు వచ్చి ఆనంద వికటన్‌లో చేరారు. అక్కడ అప్పటికే పేరు మోసిన చిత్రకారుడు మాలి ఆయనను చేరదీశారు. కొత్తమంగళం సుబ్బు 'తిల్లానా మోహనాంబాళ్' ధారావాహికగా వస్తున్నప్పుడు దానికి బొమ్మలు గోపులువే. 1968లో శివాజీ గణేశన్, పద్మిని ఆ కథను తెరమీదికి తెచ్చే నాటికే ఆ నాదస్వర విద్వాంసుడూ ఆ నాట్యకత్తే ఎలా ఉంటారో తమిళ పాఠకులకు తెలుసు.

నరసాపురంలో 1933లో పుట్టిన బాపు పెరిగింది మద్రాసులో. అక్కడే లా చదివారు, 1955లో ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. ఆనాటి మద్రాసును తలచుకుంటే ఈ గురుశిష్య సంబంధంలో వింతేమీ కనిపించదు. ఆంధ్రపత్రిక, భారతి, చందమామ అచ్చయ్యే ఊళ్ళోనే వికటన్ కూడా అచ్చయ్యేది. బొమ్మకు లిపి అడ్డురాదు కదా.

ఇంతకీ శిష్యుడు తీసుకున్నదేమిటి? గీత కాదని నా అభిప్రాయం. గోపులు గీత నిండుగా ఉంటుంది. గుడి స్తంభం, వీధి అరుగు, చీర అంచు, అన్నిటికీ చోటిస్తుంది. బాపు గీత ఏళ్ళు గడిచేకొద్దీ చిక్కిపోయింది. నాలుగు గీతలు చాలిన చోట అయిదోది వేయడం ఆయనకు దుబారా. తీసుకున్నది చూపు. గోపులు బొమ్మలో పదిమంది కూర్చుని కచేరీ వింటుంటే పదిమందీ పదిరకాలుగా వింటారు. ఒకాయన తొడమీద తాళం వేస్తుంటాడు, మరొకాయన కునుకుతుంటాడు. మనకు వీపు చూపి కూర్చున్నవాడి మనసు కూడా ఆ వీపు వంపులో తెలిసిపోతుంది. మాటలు లేని హాస్యచిత్రాలు ఆయన అంత సులువుగా వేయగలిగింది అందుకే. మనిషి నిలబడ్డ తీరే అక్కడ సంభాషణ.

ఇప్పుడు బాపు కార్టూన్లు తీసి చూడండి. అలిగి అటు తిరిగిన భార్య మొహం మనకు కనిపించదు, జడ కనిపిస్తుంది, కోపమెంతో అర్థమవుతుంది. చేతులు నలుపుకునే గుమాస్తా, పొట్ట ముందుకు తోసి నడిచే పెద్దమనిషి, చొక్కా పట్టుకు లాగే పిల్లవాడు - వీళ్ళంతా గోదావరి నీళ్ళు తాగినవాళ్ళే, సందేహం లేదు. కాని వాళ్ళను నిలబెట్టిన విద్య కావేరి ఒడ్డునుంచి వచ్చింది. ముళ్ళపూడివారి 'బుడుగు'లో ఇంటిల్లిపాదినీ ఒకసారి వరసగా చూస్తే నేను చెప్పేది తెలుస్తుంది.

ఈ ఋణం మన కంటికి ఆనకపోవడానికి ఒక కారణముంది. 'బాపు బొమ్మ' అంటే మనకు అందమైన ఆడపిల్ల. పెద్ద కళ్ళు, వాలుజడ, సన్నని నడుము. ఆ మాట మెచ్చుకోలే, కాని ఆయనకు అది కొంత అన్యాయమే చేసింది. వందలమంది మామూలు మనుషులను గీసినవాణ్ణి ఒక్క నాయిక దగ్గర కట్టిపడేసింది. గోపులు జాడ నాయికలో వెదికితే దొరకదు, ఆమె పూర్తిగా బాపుదే. చుట్టూ ఉన్న జనంలో వెదకాలి.

తరవాత మన వారపత్రికల్లో బాపును అనుసరించినవాళ్ళలో చాలామంది పట్టుకున్నదీ ఆ కళ్ళనూ ఆ జడనే. అక్షరాలను కూడా అనుకరించారు (అవి చివరకు కంప్యూటరు ఫాంట్లై శుభలేఖల నిండా పరుచుకున్నాయి). వాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, వారం వారం కథలకు బొమ్మలు అందించడం మాటలు కాదు. కాని గోపులు బొమ్మలకు నకలు తీస్తూ కూర్చుని ఉంటే బాపు కూడా ఒక మంచి నకలుగానే మిగిలిపోయేవారు. ఆయన గురువుగారి బొమ్మలు చూసి, వాటిని పక్కనపెట్టి, మనుషులను చూశారు.

2014 ఆగస్టు 31న చెన్నైలో బాపు పోయారు. అదే ఊళ్ళో, ఎనిమిది నెలల తరవాత, 2015 ఏప్రిల్ 29న గోపులు పోయారు. శిష్యుడికన్నా తొమ్మిదేళ్ళు పెద్దయిన గురువు ఆ ఎనిమిది నెలలు ఎక్కువ బతికారు. ఇద్దరి బొమ్మలనూ ఎదురెదురు పుటల్లో వేసిన తెలుగు పుస్తకం ఇంతవరకూ నా కంట పడలేదు. వస్తే మొదటి ప్రతి నేనే కొంటాను.