చమురు ఒలికిన వేళ

2023 డిసెంబరు 5న మన బాపట్ల చెంత తీరము దాటిన మిచాంగ్ తుపాను అంతకుముందే చెన్నపట్టణమును ముంచెత్తగా, ఆ వరదతో మణలి శుద్ధికర్మాగార ప్రాంతపు చమురు ఎన్నూరు ఉప్పుటేటిలో కలిసి, మత్స్యకారుల పడవలను, వలలను నల్లబరచిన ఉదంతము, గుంటూరు, ప్రకాశం జిల్లాలందలి జిన్నింగు మిల్లుల, మిర్చి శీతల గిడ్డంగుల యాజమాన్యములకు హెచ్చరిక కావలయును.

జనరేటరు కొఱకు నిలువజేసిన డీజిలు ఒలికినంతనే నీరు కొట్టి కడుగుట పెనుదోషము. నీటికంటె తేలికయగు ఆ తైలము మురుగుకాలువ వెంబడి మిరపచేల బోదెలకు ప్రాకును. నిప్పును దూరముంచి, విద్యుత్ మీటలను తాకక, కారు తావును మూసి, మట్టికట్టతో అడ్డగించి, ఇసుకతో పీల్పింపవలెను. ముడిప్రత్తి నీటిని తిరస్కరించి నూనెను పీల్చును గనుక, మిల్లు ఆవరణలోని వ్యర్థపు దూదియే ఆపదలో అక్కరకు వచ్చును. తడిసిన ఆ దూదిని చేలగట్లపై పారవేయక, ప్రమాదకర వ్యర్థముగా నెంచి, విధ్యుక్తముగా తరలింపవలెను.

అన్నిటికంటె ముఖ్యము, ట్యాంకులోని చమురంతయు పట్టునట్టి అడ్డుగోడను దాని చుట్టును కట్టుట. ఆ గోడలను కాలుష్య నియంత్రణ మండలి యేటేట వర్షర్తువునకు ముందే పరీక్షింపవలెను. నల్లరేగడిలో ఇంకిన చమురును తీయుట దుష్కరము. ఆ నష్టమును రైతుపై మోపుట అన్యాయము.